లూపస్ ఉన్న అక్కకు లివర్ ఎంజైములు బాగా పెరిగాయి, బయాప్సీ చేయించాలా వద్దా?

పరకాల_తమ్ముడు:

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. మా అక్కకు 29 ఏళ్లు, హన్మకొండలో ప్రైవేట్ స్కూల్ టీచర్. 2022లో మేడారం జాతరకు పోయి రోజంతా ఎండలో ఉండి వచ్చాక ముక్కుకు రెండు పక్కలా చెంపల మీద ఎర్రగా లేచింది. ఎండకు కమిలిందనుకున్నాం. తర్వాత పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు పట్టేయడం, విడవని జ్వరం, జుట్టు ఊడటం, చివరికి హైదరాబాద్‌లో రుమటాలజీ డాక్టర్ లూపస్ అని తేల్చారు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే పడే జబ్బు. అప్పటి నుంచి లూపస్‌కు ఇచ్చే హెచ్‌సీక్యూఎస్ మాత్ర, మధ్యమధ్య తక్కువ డోసులో వైసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతోంది. మొన్నటిదాకా బాగానే ఉంది, కిడ్నీలకు ఏం కాలేదు, స్కూలుకు పోతోంది.

ఈమధ్య ఒకటే నీరసం, అన్నం సహించట్లేదు. మూత్రం ముదురు రంగులో వస్తోందని తనే చెప్పింది. టెస్టులు చేయిస్తే బిలిరుబిన్ 3.4, లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 412, ఎస్‌జీఓటీ 366. హెపటైటిస్ ఏ, బీ, సీ, ఈ నాలుగూ నెగటివ్. ఏఎన్‌ఏ (సొంత కణాల మీద పడే యాంటీబాడీ) లూపస్ వల్ల ఎలాగూ పాజిటివే, కొత్తగా అలాంటిదే స్మూత్ మజిల్ యాంటీబాడీ కూడా 1:80లో పాజిటివ్ వచ్చింది. ఐజీజీ అనే యాంటీబాడీ ప్రోటీన్ 2,650 ఉంది, 1,600 లోపు ఉండాలని రిపోర్టులోనే రాసి ఉంది. స్కాన్‌లో లివర్ కాస్త పెద్దగా కనబడింది, రాళ్లూ గీళ్లూ ఏం లేవు.

ఇప్పుడు చూస్తున్న గ్యాస్ట్రో డాక్టర్ ఇది ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ (రక్షణ వ్యవస్థే లివర్ మీద పడి వాపు తెచ్చే జబ్బు) కావొచ్చు, బయాప్సీ చేయాలి, అంటే సూదితో లివర్ ముక్క తీసి చూడాలి అంటున్నారు. అంతకుముందు చూపించిన ఇంకో డాక్టర్ మాత్రం లూపసే లివర్‌కు పాకింది, స్టెరాయిడ్ పెంచితే చాలు అని, మేము సరిగ్గా కూర్చోకముందే చీటీ రాసి పంపించేశారు. లివర్‌లో సూది గుచ్చితే రక్తం ఆగదని ఎవరో చెప్పారట, బయాప్సీ మాటెత్తితే అమ్మ ఏడుస్తోంది. చుట్టాలేమో పసరు పోయించమని పోరు పెడుతున్నారు.

ఇంతకీ ఇది లూపసేనా, వేరే జబ్బా? రెండూ ఒకరికే వస్తాయా? ఇంకోటి, కరోనా టైం నుంచి ఇంట్లో అందరం తిప్పతీగ కషాయం తాగేవాళ్లం, మేమంతా మానేశాం గానీ అక్క ఇప్పటికీ తాగుతోంది. అది డాక్టర్‌కు చెప్పాల్సినంత విషయమా?

కరీంనగర్_అక్క:

తమ్మీ, నీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తా. తిప్పతీగ ఇవాళే ఆపించు, డాక్టర్‌కు తప్పకుండా చెప్పు. ఎన్నాళ్ల నుంచి, పచ్చి కాడ మరిగించిందా, బయట కొన్న పొడా, రోజూ తాగిందా, అన్నీ చెప్పాలి. ఏ మందులు వాడుతున్నారు అని అడిగితే మనవాళ్లు ఇంగ్లిష్ మందుల పేర్లే చెప్తారు, కషాయాలు, చూర్ణాలు అసలు లెక్కలోకే రావు.

నాకు రెండూ ఉన్నాయి. లూపస్ ముందు, లివర్ తర్వాత, అచ్చం మీ అక్కలాగే. నాక్కూడా మొదట లూపసే అన్నారు, స్టెరాయిడ్ పెంచారు, ఎంజైములు దిగాయి, ఇంట్లో అందరికీ సంతోషం. డోసు తగ్గించగానే మళ్లీ ఎగబాకాయి. పెంచుడు, తగ్గించుడు అట్లా చాలాకాలం నడిచింది. చివరికి బయాప్సీ చేస్తే ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ అని తేలింది, అప్పటికే లివర్‌లో కొంచెం ఫైబ్రోసిస్, అంటే మచ్చ కట్టడం మొదలైంది. మొదట్లోనే బయాప్సీ చేద్దామనే డాక్టర్ మీకు దొరికారు, వదులుకోకండి.

బయాప్సీ అంటే ఆపరేషన్ అనుకుంటోందేమో మీ అమ్మ. కాదని చెప్పు. పరిగడుపున రమ్మన్నారు. వెల్లకిలా పడుకోబెట్టి కుడి చెయ్యి తల కింద పెట్టుకోమన్నారు, స్కాన్ మిషన్ పెట్టి పక్కటెముకల మధ్య పెన్నుతో గుర్తు పెట్టారు, అక్కడొక్కచోటే మత్తు ఇంజెక్షన్. ఊపిరి వదిలి బిగబట్టమన్నారు, టక్ మని ఒక చప్పుడు, అంతే. తీసిన ముక్క సీసాలో చూపించారు, సేమియా పోగంత ఉంది. ఆ తర్వాత కుడి పక్కకు తిరిగి కదలకుండా పడుకోవడమే అసలు విసుగు, బీపీ, నాడి చూస్తూనే ఉంటారు. కుడి భుజంలో నొప్పి వచ్చింది, లివర్‌లో గుచ్చితే భుజం ఎందుకు నొస్తుందో అర్థం కాక భయపడ్డా గానీ, అది మామూలేనని నర్సమ్మ చెప్పింది. సాయంత్రం ఇంటికి పంపించారు. కొన్ని రోజులు బరువులు ఎత్తొద్దన్నారు.

అక్క ఎకోస్ప్రిన్ గానీ రక్తం పల్చబడే మందు ఏదైనా గానీ వాడుతుంటే ముందే చెప్పండి. లూపస్ వాళ్లకు ప్లేట్‌లెట్లు తగ్గే గుణం ఉంటుంది కాబట్టి ప్లేట్‌లెట్లు, పీటీ ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష) చూడకుండా సూది పెట్టరు, పెట్టనివ్వకండి కూడా.

జనగామ_రాజు:

అన్నా నేను ఎవరి మాటా కాదనను గానీ, మా బావకు పోయినేడు కామెర్లయితే బిలిరుబిన్ 9 దాక పోయింది, దవాఖానల గ్లూకోజ్ ఎక్కించుడు తప్ప ఏం జేయలే. మా అత్తగారి ఊర్ల పసరు పోసే పెద్దమనిషి ఉన్నడు. మూడు పొద్దులు పరిగడుపున పోయించినం, పత్యం చేసిండు, నెలకల్లా మామూలైండు. ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతుండు. సూదులు గుచ్చి ముక్కలు తీసుడు కన్నా ముందుగాల ఇదొకటి చూస్తే తప్పేంది? పైసలు గూడ తీసుకోడు, ఒక్క కొబ్బరికాయ కొడితే చాలు.

కేఎంసీ_పాత_బ్యాచ్:

రాజు గారూ, మీ బావకు తగ్గిన మాట నిజమే, నేను కాదనను. కానీ అది పసరుతో తగ్గిందా, పసరు తాగుతుండగా తగ్గిందా? మన దగ్గర కలుషిత నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఈ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. దవాఖానలో గ్లూకోజ్ తప్ప ఏమీ చేయలేదన్నారు కదా, చేయాల్సిన అవసరం లేదు కాబట్టే చేయలేదు. ఆ రెండు రకాల్లో ఎవరేం పోసినా పేరు పోసినవాడికే వస్తుంది. ఈ అమ్మాయికి ఆ వైరస్‌లు లేవని రిపోర్టే చెబుతోంది. ఆటో ఇమ్యూన్ హెపటైటిస్‌ను వదిలేస్తే సిర్రోసిస్‌కు, అంటే లివరంతా మచ్చ కట్టి గట్టిపడటానికి దారితీస్తుంది, అది కొబ్బరికాయతో పోయేది కాదు. పైగా ఆ పసరులో ఏ ఆకులున్నాయో పోసే ఆయన చెప్పడు. చేతి మీద కాల్పించే పద్ధతీ కొన్ని ఊళ్లలో ఉంది, స్టెరాయిడ్ వాడే మనిషికి ఆ పుండు చీము పడితే ఇంకో తలనొప్పి.

ఇక తమ్ముడి ప్రశ్న. నేను వరంగల్‌లోనే చదివి ఇప్పుడు గ్యాస్ట్రో వైపు పనిచేస్తున్నాను. మనిషిని చూడకుండా మందు చెప్పను, విషయం మాత్రం చెప్తాను.

రెండు జబ్బులూ ఒకే మనిషికి రావచ్చు. లూపస్ ఉన్నవాళ్లలో కొద్దిమందికే వస్తుంది, కానీ వస్తుంది. ఈ గందరగోళం మీ ఇంట్లోనే కాదు, డెబ్బై ఏళ్లుగా ఉంది. 1950లో వాల్డెన్‌స్ట్రామ్ అనే స్వీడన్ డాక్టర్ పడుచు ఆడవాళ్లలో రక్తంలో గ్లోబులిన్లు అనే ప్రోటీన్లు పెరిగి, లివర్ పాడయ్యే జబ్బు గురించి చెప్పాడు. 1956లో మెల్‌బోర్న్‌లో ఇయాన్ మెకే బృందం ఇలాంటి లివర్ రోగుల రక్తంలో లూపస్‌లో కనిపించే ఎల్‌ఈ కణాలు చూసి దీన్ని ల్యూపాయిడ్ హెపటైటిస్ అంది. తర్వాత ఇవి రెండు వేర్వేరు జబ్బులని తేలింది, కానీ ఆ పాత పేరు ప్రభావం ఇంకా పోలేదు.

లూపస్ మనిషికి ఎంజైములు పెరిగితే మేము వరసగా ఆలోచించేవి చాలా ఉంటాయి. మొదట మందులు. నొప్పి మాత్రలు, మెథోట్రెక్సేట్, మూత్రం ఇన్‌ఫెక్షన్‌కు దీర్ఘకాలం వాడే నైట్రోఫ్యురాంటోయిన్, మొటిమలకు ఇచ్చే మినోసైక్లిన్, ఈ చివరి రెండూ అచ్చం ఆటో ఇమ్యూన్ హెపటైటిస్‌లాగే కనిపించే లివర్ దెబ్బను తెస్తాయి. తిప్పతీగ కూడా ఆ జాబితాలోదే. 2021లో ముంబై డాక్టర్లు ఆరుగురు రోగుల గురించి రాశారు, మరుసటి ఏడాది దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది వివరాలు కలిపి ఇంకో పరిశోధన వచ్చింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, వేరే జాతి తీగ అయి ఉండొచ్చంది. ఆ వాదన ఎలా ఉన్నా, ఆటో ఇమ్యూన్ జబ్బు ఉన్న మనిషి ఇమ్యూనిటీ పెంచుతుందని చెప్పే కషాయం తాగడంలో అర్థం లేదు, మీ అక్క ఇమ్యూనిటీ ఇప్పటికే సొంత ఒంటి మీద పడుతోంది.

తర్వాత వైరస్‌లు, అవి మీరు చూశారు. హెపటైటిస్ బీకి హెచ్‌బీఎస్‌ఏజీ అనే మామూలు పరీక్ష ఒక్కటే కాకుండా, పాత ఇన్‌ఫెక్షన్‌ను పట్టే యాంటీ హెచ్‌బీసీ కూడా చేశారేమో అడగండి, నిద్రపోయే వైరస్ స్టెరాయిడ్ డోసు పెంచాక లేస్తుంది. బిలిరుబిన్‌లో డైరెక్ట్ ఎంత, ఇన్‌డైరెక్ట్ ఎంత అన్నది చూడాలి. లూపస్‌లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయినా కళ్లు పచ్చబడతాయి, అది లివర్ కామెర్లు కాదు, దానికి కూంబ్స్ పరీక్ష ఉంది. ఎస్‌జీఓటీ ఒక్కటే పెరిగితే కండరాల వాపేమో అని సీపీకే అనే కండరాల ఎంజైము చూస్తాం. మీ అక్కకు ఎస్‌జీపీటీ కూడా పది రెట్లు ఉంది కాబట్టి లివరే అనిపిస్తోంది.

ఇవన్నీ పోగా మిగిలేవి రెండు, లూపస్ వల్ల వచ్చే లివర్ వాపు, లేదా విడిగా ఆటో ఇమ్యూన్ హెపటైటిస్. మొదటిది సాధారణంగా మెత్తగా ఉంటుంది, కామెర్ల దాకా రావడం తక్కువ, లూపస్ సద్దుమణిగితే తగ్గుతుంది, సిర్రోసిస్ చేయడం అరుదు. రెండోదానికి ఏళ్ల తరబడి మందు కావాలి. రక్తపరీక్షతో విడదీయడం కష్టం, ఎందుకంటే ఏఎన్‌ఏ రెండింట్లోనూ పాజిటివే, ఐజీజీ రెండింట్లోనూ పెరుగుతుంది.

ఇక్కడే బయాప్సీ అవసరం. 2008లో నిపుణులు ఒక సులువైన స్కోరు తయారుచేశారు. యాంటీబాడీలకు గరిష్ఠంగా 2, ఐజీజీకి 2, వైరస్ లేనందుకు 2, బయాప్సీకి 2. ఆరు వస్తే కావొచ్చు, ఏడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఖాయం. మీ అక్కకు బయాప్సీ లేకుండా ఆరు వస్తుంది, అంతకు మించి రావడానికి దారి లేదు. ఆ ఆరులో కొన్ని మార్కులు లూపస్ వల్లే పడ్డాయేమో కూడా చెప్పలేం. ముక్కలో ప్లాస్మా కణాలు (యాంటీబాడీలు తయారుచేసే కణాలు) గుంపులుగా చేరి, లివర్ కణాల అంచును కొరుకుతున్నట్టు కనిపిస్తే, దాన్నే ఇంటర్‌ఫేస్ హెపటైటిస్ అంటాం, అప్పుడు మాట్లాడటానికి గట్టి ఆధారం ఉంటుంది. ఎంత మచ్చ కట్టిందో కూడా తెలుస్తుంది. రక్తస్రావం భయం పూర్తిగా తప్పని చెప్పను, అరుదుగా జరుగుతుంది, అందుకే ఆ పూటంతా కనిపెట్టి ఉంటారు. రక్తం గడ్డకట్టడం బాగా తేడాగా ఉంటే మెడ రక్తనాళం ద్వారా తీసే పద్ధతీ ఉంది.

పరకాల_తమ్ముడు:

డాక్టర్ గారూ, అక్కా, మస్తు థ్యాంక్స్. మీ ఇద్దరి పోస్టులు అమ్మకు చదివి వినిపించా, భుజం నొప్పి సంగతి, సేమియా సంగతి విన్నాక కొంచెం మెత్తబడింది. రాజన్నా, నువ్వు మంచి మనసుతోనే చెప్పావని తెలుసు, కోపం లేదు.

ఒక్క టెన్షన్. గ్యాస్ట్రో డాక్టర్ ఇక్కడ, లూపస్ డాక్టర్ హైదరాబాద్‌లో. ఒకరు రాసింది ఇంకొకరు చూడరు. హెచ్‌సీక్యూఎస్ లివర్‌కు మంచిది కాదేమో, ఆపేద్దామా అని అక్క అడుగుతోంది. అమ్మేమో పసుపు వేయని చారన్నం, మజ్జిగ తప్ప ఏం పెట్టట్లేదు.

కరీంనగర్_అక్క:

పత్యం మాన్పించు తమ్మీ, మనిషి అసలే నీరసంగా ఉంది. పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ తినొచ్చు, పసుపు వేసిన కూర తింటే కళ్లు పచ్చబడవు. ఉప్పు మాత్రం తగ్గించండి, స్టెరాయిడ్‌తో ఒంట్లో నీరు చేరుతుంది. పొద్దటి కల్లు కామెర్లకు మంచిదని మా దగ్గర కూడా తెచ్చిచ్చారు, ఆ దయ వద్దని చెప్పు.

ఇద్దరు డాక్టర్ల సంగతి, నేనైతే ఒకటే ఫైలు పెట్టుకున్నా. మొదటి కాగితం మీద మందుల పేరు, డోసు, మొదలైన తేదీ, ఎవరు రాశారు. ఆ వెనక ఎంజైముల పట్టిక, తేదీ వారీగా, పక్కనే ఆ రోజు స్టెరాయిడ్ ఎంత ఉందో. ఇద్దరి ముందూ అదే కాగితం పెడతా, మీరు మార్చింది ఇక్కడ రాయండి సార్ అని అడుగుతా. కొందరు చిరాకు పడతారు, పడనీ. పట్టిక చూస్తే డోసు తగ్గినప్పుడల్లా ఎస్‌జీపీటీ పెరగడం పదో క్లాసు పిల్లాడికైనా కనబడుతుంది.

కేఎంసీ_పాత_బ్యాచ్:

హెచ్‌సీక్యూఎస్ సొంతంగా ఆపొద్దు. లివర్‌ను దెబ్బతీయడం చాలా అరుదు, ఆపితే లూపస్ రేగే ప్రమాదమే ఎక్కువ. స్టెరాయిడ్ అయితే అస్సలు ఒక్కసారిగా ఆపకూడదు. రుమటాలజీకి నిమ్స్ వెళ్తున్నట్టయితే గ్యాస్ట్రో విభాగం కూడా అక్కడే ఉంది, ఒకే ఓపీలో రెండూ చూపించుకునే వీలుందేమో అడగండి. ఆరోగ్యశ్రీ ఉంటే ఏ పరీక్షకు వర్తిస్తుందో ముందే ఆరోగ్యమిత్రను కనుక్కోండి, బిల్లు కట్టాక అడిగితే లాభం లేదు.

పరకాల_తమ్ముడు:

అప్‌డేట్. బయాప్సీ అయింది, ఏ ఇబ్బందీ రాలేదు. రిపోర్టులో ఇంటర్‌ఫేస్ హెపటైటిస్, ప్లాస్మా కణాలు ఎక్కువ, మచ్చ తక్కువే అని వచ్చింది. ఇద్దరు డాక్టర్లూ ఫోన్లో మాట్లాడుకున్నారు (అక్క చెప్పిన ఫైలు పనిచేసింది, గ్యాస్ట్రో సార్ ఆ పట్టిక ఫొటో తీసుకున్నారు). లూపస్‌తో పాటు ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ అనే చికిత్స. తిప్పతీగ వల్ల మొదలై ఉండొచ్చా అంటే కాదనలేం, ముందుముందు తెలుస్తుంది అన్నారు. వైసొలోన్ 40తో మొదలుపెట్టారు, బిలిరుబిన్ దిగాక ఇమ్యూనిటీని అణిచే అజాథయోప్రిన్ 50 కలిపారు. ఎస్‌జీపీటీ 96కు వచ్చింది, ఆకలి వేస్తోంది.

అడగడానికి మొహమాటంగా ఉంది గానీ, అక్కకు సంబంధాలు చూస్తున్నాం. పిల్లలు పుడతారా? మందు ఎన్నాళ్లు?

కరీంనగర్_అక్క:

నాకు ఒక పాప తమ్మీ, బడికి పోతోంది. లూపస్ కనీసం ఆరు నెలలు, లివర్ జబ్బు కనీసం ఏడాది నెమ్మదించి ఉన్నాకే ప్లాన్ చేసుకోమన్నారు. నెలలు మోసినన్నాళ్లూ అజాథయోప్రిన్, హెచ్‌సీక్యూఎస్, చిన్న డోసు స్టెరాయిడ్ ఆపలేదు. మైకోఫెనోలేట్, మెథోట్రెక్సేట్ అనే ఇమ్యూనిటీని అణిచే మందులు మాత్రం కడుపుతో ఉన్నప్పుడు పనికిరావు, ముందే మార్చాలి. యాంటీ రో అనే పరీక్ష ఒకసారి చేయించండి, అది పాజిటివ్ అయితే కడుపులో బిడ్డ గుండె స్కాన్లు అదనంగా చేస్తారు.

సంబంధాల విషయంలో నా మాట కటువుగా అనిపించొచ్చు, దాచొద్దు. రోజూ మాత్రలు మింగే పిల్ల ఎన్నాళ్లు దాస్తుంది? అత్తగారింట్లో దాచుకోలేక మందు మానేసి మళ్లీ మంచాన పడిన అమ్మాయిని నేను చూశా. విని వెనక్కు పోయేవాళ్లు పెళ్లికి ముందే పోనీ.

హన్మకొండ_ఫార్మసీ:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, మందుల షాపులో ఉంటాను కాబట్టి రెండు ముక్కలు. అజాథయోప్రిన్ వాడేవాళ్లకు యూరిక్ యాసిడ్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్ గానీ ఫెబుక్సోస్టాట్ గానీ కలిస్తే ప్రమాదం, తెల్ల కణాలు పడిపోతాయి. కొత్త డాక్టర్ ఎవరు ఏది రాసినా ఈ మందు పేరు చెప్పండి. స్టెరాయిడ్‌తో కాల్షియం, విటమిన్ డి రాశారా చూడండి, షుగర్ కూడా చూపిస్తుండండి.

కేఎంసీ_పాత_బ్యాచ్:

ఫార్మసీ మిత్రుడు సరిగ్గా చెప్పారు. మనవాళ్లలో కొందరికి ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉంటుంది, వాళ్లకు మామూలు డోసే ఎక్కువైపోయి తెల్ల కణాలు తగ్గుతాయి. ఆ పరీక్ష దొరికితే మంచిదే, దొరక్కపోయినా మొదటి వారాల్లో సీబీపీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష తరచుగా చేయించడం తప్పనిసరి. మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే దువ్వెన నిండా కుచ్చులుగా జుట్టు రాలితే లూపస్ అనుకుని ఊరుకోవద్దు, అదే రోజు సీబీపీ చేయించండి.

ఎన్నాళ్లు అంటే, ఎంజైములు, ఐజీజీ మామూలుగా అయ్యాక కనీసం రెండేళ్లు గడిచేదాకా ఆపే మాటే ఉండదు, ఆపినవాళ్లలో ఎక్కువమందికి తిరగబెడుతుంది. మీ అక్కకు లూపస్‌కు కూడా అదే మందు పనికొస్తుంది కాబట్టి దీర్ఘకాలం ఉంటుందనే అనుకోండి. స్టెరాయిడ్ మాత్రం మెల్లగా దిగుతుంది.

మాత్ర వేసుకున్నాక వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి, చాలామందికి అలా సర్దుకుంటుంది. 100 దాటి జ్వరం వస్తే డోలో వేసి రేపు చూద్దాం అనుకోకుండా అప్పుడే ఫోన్ చేయండి. వచ్చే సీబీపీ, ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష) రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.